తెరకు సరిపోని సంబంధం

ఇప్పటి పిల్లలకు బొమ్మకు అటూ ఇటూ నల్లగా ఉన్నా, పైనా కిందా నల్లగా ఉన్నా పట్టింపు లేదు. ఫోను నిలువుగా పట్టుకుని, అరచేతిలో పావు వంతు మాత్రమే కనిపించే సినిమాను హాయిగా చూసేస్తారు. మా గుడివాడ ఇంట్లోకి మొదటి పల్చటి టీవీ వచ్చిన కాలంలో అలా ఉండేది కాదు. ఆ నల్ల పట్టీల గురించి మా ఇంట్లో జరిగినంత చర్చ నా పెళ్ళి గురించి కూడా జరగలేదు. ఆ రెండూ ఒకదానికొకటి ఎలా చుట్టుకున్నాయో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. (మా ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను.)

మా నాన్న బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. సీటు ఖాళీగా కనిపిస్తే ఆయన ప్రాణం ఒప్పుకోదు. అటువంటి మనిషి ఎంతో ముచ్చటపడి వెడల్పాటి టీవీ తెప్పించి, బిగించడానికి వచ్చిన కుర్రాడి ముందే సినిమా డిస్కు వేయించి, కుర్చీలో కూర్చుని చూస్తే తెరకు పైన ఒక నల్ల పట్టీ, కింద ఒక నల్ల పట్టీ. "ఇదేంటబ్బాయ్, బొమ్మ సగమే వస్తోంది" అన్నారు. "సినిమా ఇంకా వెడల్పండీ, టీవీ అంత వెడల్పు ఉండదు. బొమ్మ మొత్తం చూపించాలంటే పైనా కిందా అలా వదిలెయ్యాలండీ" అన్నాడు ఆ కుర్రాడు. "వదిలెయ్యడమేంటి, అంత జాగా ఉంచుకుని?" అన్నారు నాన్న. ఆ కుర్రాడికి ఇంకో రెండిళ్ళకు వెళ్ళాల్సిన పని ఉన్నట్టుంది, రిమోట్లో ఏదో నొక్కాడు. బొమ్మ తెర నిండా పరుచుకుంది. అంచుల్లో నిలబడిన నటులు మాయమైపోయి హీరోయిన్ కిటికీతో మాట్లాడుతున్నట్టు కనిపించింది గాని, నాన్న దాన్ని పట్టించుకోలేదు. ఆ తర్వాత కేబుల్ పెడితే ఈసారి పట్టీలు అటూ ఇటూ వచ్చాయి. కుర్రాడు మళ్ళీ నొక్కాడు. బొమ్మ రెండు పక్కలకూ సాగి గోడ నిండా నిలబడింది. "ఆఁ, ఇదీ టీవీ అంటే. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అని నాన్న రిమోటును పాలిథిన్ కవర్లో చుట్టి రబ్బరు బ్యాండు వేశారు.

అప్పట్నుంచీ మా ఇంట్లో కనిపించే లోకమంతా ఒళ్ళు చేసింది. అమ్మ చూసే సీరియల్లో హీరోయిన్‌కు అత్తవారింట్లో తిండి పెట్టడం లేదని రోజూ ఏడుపు, చూస్తే మనిషి నిండుగా ఉండేది. "దిగులుతో కూడా కొందరికి ఒళ్ళు వచ్చిద్ది" అని అమ్మ ఆమెను వెనకేసుకొచ్చేది. వార్తలు చదివే ఆయన బుగ్గలు చూసి నాన్న, జీతం పెంచినట్టున్నారు అన్నారు. ఇంత జరుగుతున్నా మాకు అనుమానం రాలేదు. మిగతా వాళ్ళ సంగతి సరే, నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఏ అద్దంలో బొమ్మ సాగుతుందో, ఏ అద్దంలో కుంగుతుందో రోజూ బోర్డు మీద గీసి, సాయంత్రం ఇంటికొచ్చి ఆ టీవీ ముందు కూర్చుని, లోకంలో లావుపాటి వాళ్ళు ఎక్కువయ్యారని అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఆల్బమ్ మావయ్య మా ఇంటికి రాకపోకలు మొదలుపెట్టాడు. నిజానికి మాకేమీ చుట్టం కాడు, పెళ్ళి సంబంధాలు చూసేవాడు. చంకలో ఎప్పుడూ ఫోటోల ఆల్బమ్ ఉండేది కాబట్టి జిల్లా అంతా అదే పేరు. ఆ ఏడు ఆయనకు ఒక కొత్త ఆలోచన వచ్చింది. "ఫోటో అబద్ధం చెప్పిద్దండీ. స్టూడియోవాడు నల్లటోళ్ళని తెల్లగా చేస్తాడు. వీడియో చెప్పదు. మీ పెద్దబ్బాయి పెళ్ళి వీడియో వాళ్ళకివ్వండి, వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి వీడియో మీకిస్తాను. ఇంట్లో కూర్చుని మనిషి నడకా, మాటా అంతా చూసుకోవచ్చు. నచ్చితేనే పెళ్ళిచూపులు. నచ్చకపోతే ఎవరికీ మొహమాటం ఉండదు" అన్నాడు. అమ్మాయిది దివిసీమలో అవనిగడ్డ. తండ్రికి ఎరువుల కొట్టు ఉంది. అమ్మాయి బందరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. అమ్మకు అప్పటికే మోకాళ్ళ నొప్పులు కాబట్టి, బస్సెక్కకుండా పెళ్ళికూతుర్ని చూడటం అనేది బాగా నచ్చింది. డిస్కులు ఇటువి అటూ అటువి ఇటూ మారాయి.

మా ఇంట్లో ఇంకా ఆ వీడియో వెయ్యలేదు. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే నా సెల్‌ఫోను మోగింది. "ఆల్బమ్ మావయ్యగారు ఈ నంబరు ఇచ్చారండీ" అంది ఒక ఆడగొంతు. "అవనిగడ్డ నుంచి. మీ అన్నయ్యగారి పెళ్ళి చూస్తున్నాం, ఇందులో మీరెవరో తెలియట్లేదు. మా నాన్న కొట్టు నుంచి వచ్చేలోపు కనుక్కుందామని." దిద్దుతున్న పేపరు పక్కన పెట్టాను. "పీటల వెనకాల అన్నయ్య కండువా సర్దుతున్నది నేనేనండీ" అన్నాను. "ఆ పొడుగాయన మీరేనా?" అంది. నేను అయిదడుగుల నాలుగంగుళాల మనిషిని. పుట్టాక నన్ను పొడుగు అన్నది ఆమె ఒక్కతే. ఆ మాటను కాదనబుద్ధి కాలేదు. "నేనేనండీ" అన్నాను. "ఆ కండువా ఎన్నిసార్లు సర్దుతారండీ, మా చెల్లి లెక్కపెడుతోంది." "జారిపోతోందండీ, పట్టుకండువా." "పిన్ను పెడితే సరిపోయేదిగా" అంది. అంత పెళ్ళిలో, అంతమంది పెద్దల మధ్య, ఆ సంగతి ఒక్కరికీ తోచలేదు. ఆ మాటే చెప్పాను. నవ్వింది. చదువుల గురించీ, బందరు ఆసుపత్రిలో రక్తం ఇవ్వడానికి వచ్చి సూది చూడగానే కళ్ళు తిరిగి పడిపోయే మీసాలవాళ్ళ గురించీ ఇంకాసేపు మాట్లాడుకున్నాం. "నాన్న వచ్చారండీ" అని చప్పున పెట్టేసింది. ఆ నంబరును నేను ఫోనులో 'ఆల్బమ్ మావయ్య రెండు' అనే పేరుతో దాచుకున్నాను. ఆ పూట దిద్దిన పేపర్లలో ఒక్కరూ తప్పలేదు.

మర్నాడు సాయంత్రం మా ఇంట్లో వీడియో వేశారు. అమ్మా, నాన్నా, వదినా ముందు వరసలో, నేను గుమ్మం దగ్గర ఏమీ పట్టనట్టు. గంధం గిన్నె పట్టుకుని వచ్చినవాళ్ళకు గంధం రాస్తున్న అమ్మాయిని ఆల్బమ్ మావయ్య వేలితో చూపించాడు. అమ్మ కాసేపు చూసి, "లక్షణంగానే ఉంది గాని, బాగా బొద్దుగా లేదూ?" అంది. "అమ్మాయేంటి, అందరూ అలాగే ఉన్నారు" అన్నారు నాన్న. నిజమే. పెళ్ళికొడుకు బొద్దు, పురోహితుడు బొద్దు, సన్నాయి ఊదే ఆయన బుగ్గలు ఊదకముందే ఉబ్బి ఉన్నాయి. పందిట్లో అరటిచెట్లు కూడా తాటిమొద్దుల్లా ఉన్నాయి. "ఆ ఊరి నీళ్ళు అలాంటివేమో" అంది వదిన. "ఇప్పుడే ఇలా ఉంటే రేపు మోకాళ్ళ నొప్పులొస్తాయి పిల్లకి, నా బాధ చూస్తున్నారుగా" అంది అమ్మ, తన మోకాలు తడుముకుంటూ. నేను గుమ్మం దగ్గర నుంచే, "నాకేం ఇబ్బంది లేదమ్మా. ఒకసారి వెళ్ళి చూసొద్దాం" అన్నాను. ఇంట్లో అందరూ నా వైపు తిరిగారు. అప్పటిదాకా వచ్చిన ఏ సంబంధానికీ నేను నోరు తెరిచింది లేదు. "వాడు అంతగా అడుగుతుంటే" అని నాన్న అమ్మకేసి చూశారు. వచ్చే ఆదివారం అవనిగడ్డ వెళ్ళాలని అనుకున్నాం. నేను చొక్కా ఇస్త్రీకి కూడా వేశాను.

శనివారం పొద్దున్నే ఆల్బమ్ మావయ్య వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "వాళ్ళు వద్దనుకుంటున్నారండీ" అన్నాడు. ఎందుకని అడిగితే నసిగాడు. చివరికి, "అబ్బాయి మరీ సన్నగా, ఎండుపుల్లలా ఉన్నాడు, ఒంట్లో ఏదైనా జబ్బుందేమో కనుక్కోమన్నారండీ. నేను లేదనే చెప్పాను" అన్నాడు. ఆ రోజుల్లో నా బుగ్గలు గిల్లకుండా మా బంధువులు ఇంట్లోకి వచ్చేవాళ్ళు కాదు. కాలేజీలో పిల్లలు నాకు పెట్టిన పేరు బూరె మాస్టారు. "వీడా సన్నం?" అన్నారు నాన్న. "వంక దొరక్క అన్న మాట అది" అంది అమ్మ. ఆ రోజు నుంచి నాకు రెండు పూటలా గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అది వంకేనని ఖాయంగా అనిపించింది. ఫోనులో ఏదో పిచ్చిమాట మాట్లాడి ఉంటాను, అమ్మాయికి నచ్చలేదు, తండ్రి మీద పెట్టి చెప్పించింది అనుకున్నాను. 'ఆల్బమ్ మావయ్య రెండు'ను చాలాసార్లు తెరిచి చూశాను. వద్దన్నవాళ్ళకు మళ్ళీ ఫోను చెయ్యడం మగవాడికి నామర్దా అని నాకెవరో చెప్పినట్టు గట్టి నమ్మకం. చెయ్యలేదు.

తర్వాత ఆగస్టు పదిహేను వచ్చింది. పొద్దున్నే టీవీలో ఢిల్లీలో జెండా ఎగరేస్తున్నారు. చూస్తూ చూస్తూ, "నాన్నా, జెండా మీద చక్రం కోడిగుడ్డులా ఉందేంటి?" అన్నాను. "గాలికి సాగింది" అన్నారు. "ఆ కారు చక్రాలు కూడా అలాగే ఉన్నాయి." "కారు కదులుతోందిగా." నేను లేచి పాలిథిన్ కవరు విప్పాను. నాన్న వద్దంటున్నా వినకుండా ఒక్కో మీటా నొక్కుతూ పోయాను. నల్ల పట్టీలు అటూ ఇటూ వచ్చి నిలబడ్డాయి, చక్రం గుండ్రంగా అయింది, జెండాకు వందనం చేస్తున్న సిపాయిలు సిపాయిల్లా కనిపించారు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ, "వీళ్ళంతా ఉన్నట్టుండి చిక్కిపోయారేంటి?" అంది. మా టీవీ ఇలా చేస్తే, వాళ్ళు నన్ను ఎండుపుల్ల అన్నది వంక కాదేమో అనిపించింది. అవనిగడ్డ డిస్కు ఎప్పుడో వెనక్కి పంపేశాం. నేరుగా ఆల్బమ్ మావయ్య ఇంటికి వెళ్ళాను. సంగతంతా విని ఆయన, "అయ్యో బాబూ, ఆ అమ్మాయికి మొన్ననే నిశ్చితార్థం అయిపోయింది. నేనే కుదిర్చాను. ఈసారి వీడియో లేకుండా, ఫోటోతోనే" అన్నాడు.

మరో రెండేళ్ళకు నాకూ పెళ్ళయింది. పెళ్ళిచూపులకు మనుషులమే ఎదురెదురుగా కూర్చున్నాం. మా అమ్మ అమ్మాయిని వెలుతురులో కూర్చోబెట్టమని అడిగి మరీ చూసింది. మా ఆవిడ మంచి మనిషి, ఇద్దరు పిల్లలు, చెప్పుకోవలసిన కష్టాలేమీ లేవు. అవనిగడ్డ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

మొన్న వేసవిలో ఆల్బమ్ మావయ్య మనవరాలి పెళ్ళికి కూచిపూడి వెళ్ళాం. ఆయన ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు గాని నోటికి మాత్రం వయసు రాలేదు. భోజనాల బంతిలో, మా ఆవిడ ఇటు పక్కన ఉండగానే, అటు పక్కన కూర్చున్న ఒకావిడతో, "ఈయనేనమ్మా ఆ గుడివాడ సంబంధం. మీ నాన్న వద్దన్నాడు చూడూ" అన్నాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది (అదేమంత పెద్ద పని కాదు). "ఈయన కాదు మావయ్యగారూ. ఆయన చాలా పొడుగు" అంది. ఆ గొంతు నాకు తెలిసింది. "నేనేనండీ" అన్నాను.

విస్తరి మీద చెయ్యి అలాగే ఉంచి ఆవిడ నవ్వింది. "ఈమధ్య మా అబ్బాయి చెబితే తెలిసింది, అప్పుడేం జరిగిందో. మాది పాత డబ్బా టీవీనండీ. మీ వీడియో కొత్త కెమెరాతో వెడల్పుగా తీశారట. దాన్ని మా టీవీలో ఇరికించేసరికి మీ పెళ్ళివాళ్ళంతా రెండు పక్కలా నొక్కుకుపోయి సరుగుడు కర్రల్లా కనిపించారు" అంది. నేను మా టీవీ సంగతి చెప్పాను, పందిట్లో అరటిచెట్ల దాకా. ఆవిడకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. వడ్డించేవాళ్ళు ఆగి చూశారు. నవ్వు తగ్గాక, "మేము ఆ ఆదివారం మీ ఊరు బయలుదేరదామనుకున్నామండీ. నేనే వెళ్దామన్నాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆవిడ పులిహోరలోంచి ఒక్కో వేరుశెనగపప్పూ పక్కకు తీసిపెడుతూ, "నేనూ మా నాన్నను అడిగానండీ, ఒకసారి పిలిపించమని. మనిషికి జబ్బేమీ లేదు, ఫోనులో మాట చక్కగా ఉంది అనేశాను. ఫోనులో ఎప్పుడు మాట్లాడావని పట్టుకున్నారు. అంతే, ఆ సంబంధం మాట మా ఇంట్లో ఎత్తనివ్వలేదు" అంది. చివరి పప్పు కూడా తీసేసి, "మీరు చేస్తారేమోనని కొన్నాళ్ళు ఫోను చూసుకున్నాను" అని, అవతల వాళ్ళాయన పిలుస్తుంటే విస్తరి మడిచి లేచింది. "ఉంటానండీ" అంది. నేను లేచి నిలబడలేకపోయాను, నా విస్తట్లో అప్పుడే పెరుగు వేశారు.

తిరుగు బస్సులో పామర్రు దాటేదాకా మా ఆవిడ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. తర్వాత, "ఫోను ఎందుకు చెయ్యలేదు?" అని అడిగింది. కోపంగా కాదు, మా అబ్బాయి పరీక్షలో వచ్చిన ప్రశ్న వదిలేసి వచ్చినప్పుడు అడిగినట్టు అడిగింది. "అభిమానం అడ్డొచ్చింది" అన్నాను. "అంత అభిమానం ఉండేదా మీకు?" అంది నమ్మలేనట్టు చూసి. ఉండేది మరి. బుగ్గలున్న కుర్రాడు, ఇస్త్రీ చొక్కా మడతపెట్టి బీరువాలో దాచేసి, మేడ మెట్ల మీద ఫోను చేత్తో పట్టుకుని అది తనంతట తానే మోగుతుందేమోనని కూర్చునేవాడు. ఇప్పుడు వాడి పక్కన కూర్చుని, చెయ్యరా బాబూ, అటు పక్కన కూడా ఎవరో ఇలాగే కూర్చున్నారు అని చెప్పాలనిపిస్తుంది. చెబితే వింటాడని కాదు. లెక్చరర్ గదా, తనకు తెలియదంటే ఒప్పుకునే రకం కాదు.