గాలిలో దూరం కొలిచిన పంతులు

మొన్న మా మనవరాలు ఉద్యోగంలో చేరడానికి ఎక్కడో ఒక చిన్న ఊరి విమానాశ్రయం నుంచి ఇంకో చిన్న ఊరి విమానాశ్రయానికి పోవాల్సి వచ్చి, ఫోన్లో చూసుకుని, గాలిలో దూరం ఎంతో లేదు తాతా, నలభై నిమిషాల్లో దిగుతానని మురిసిపోయింది. ఇంటి నుంచి ఆ విమానం దగ్గరికి చేరడానికే ఒక పూట పడుతుంది కదా అని కసురుకున్నాను. పిల్ల చిన్నబుచ్చుకుంది. దాని తప్పేం లేదు, గాలిలో దూరమన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కోదాడ బడిలో సాంఘికశాస్త్రం పంతులుగా కొత్తగా చేరిన రోజులవి. నాలుగు అక్షరాలు వచ్చినవాడి మాటకు అప్పట్లో ఎంత విలువో మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. సూర్యాపేటలో ఇంటి దగ్గర మా అమ్మ ఒక పొద్దున కన్ను మూసింది. అక్కను త్రిపురారం అవతల పల్లెకు ఇచ్చాం. త్రిపురారంలో రైస్ మిల్లుకు ట్రంకాల్ చేస్తే, పాపం వాళ్ళు సైకిల్ మీద మనిషిని పంపి, కబురు అందిందని పదింటికల్లా చెప్పారు. ఎంతసేపట్లో వస్తుందని పెద్దలు నన్నడిగారు. తల్లి శవం ముందర కూడా నా పాండిత్యం ఊరుకోలేదు. గోడనున్న జిల్లా పటం మీద దారం పెట్టి కొలిచి, తిప్పి తిప్పి కొడితే ఇరవై మైళ్ళు, ఒంటిగంటకల్లా వస్తుందని తేల్చేశాను. ఆ దారం కాలువ మీంచి, మూసీ మీంచి నేరుగా పోయింది. దారి అట్లా పోదని, బస్సు రోజుకు రెండుసార్లే వస్తుందని తెలిసీ తట్టలేదు.

ఆడబిడ్డ కడచూపు కోసం పొద్దు గూకేదాకా ఆగడం మా ఇంటి ఆచారం. కానీ పంతులు ఒంటిగంట అన్నాడు, మూడు దాటింది, అత్తగారివాళ్ళతో మనకు మాటల్లేవు కాబట్టి పంపి ఉండరు, ఇగ ఆమె రాదని చిన్నాయన తీర్పు చెప్పాడు. నా లెక్క తప్పు, ఆగండి అని ఒక్క మాట అంటే ఆగేవాళ్ళే. నలుగురిలో ఆ మాట అనడానికి నోరు రాలేదు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది కూడా నేనే.

అక్క బస్సు అందక, కాలువకట్ట వెంట నడిచి, మిర్యాలగూడ రోడ్డెక్కి లారీ పట్టుకుని, ఐదింటికి వచ్చింది. మేము స్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి కడిగిన వాకిట్లో నిలబడి ఉంది. ఏడవలేదు. పడమటి దిక్కు చూసి నాతో ఒక్కటే అన్నది.

"పొద్దు ఇంక గూకనే లేదు గద తమ్మీ. అవ్వ మొకం నన్నొక్కసారి సూడనియ్యకపోతివి."

మళ్ళీ నా గడప తొక్కలేదు.

ఇప్పుడు అన్ని ఊళ్ళకూ తారురోడ్లు పడ్డాయి, కారులో అక్క ఇంటికి గంటన్నర. మంచం పట్టిందని విని నెల అయింది. రోజూ పొద్దున్నే బయల్దేరుదామని చెప్పులేసుకుంటాను, ఏ మొహం పెట్టుకుని పోనని వాటిని విప్పేసి మళ్ళీ కుర్చీలో కూర్చుంటాను.