కాగు కిందికి పోయిన నవల

ఆ కాగితాలను పొయ్యిలో పెట్టింది నేనే. ముందు ఆ ముక్క చెప్పకుండా మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను, సంతకం పెట్టగలను, అంతే నా చదువు. ఇది కూడా నేను చెబుతుంటే మా ఆడపడుచు రాస్తోంది.

మా ఆయన పోయాక పెడనలో కలంకారీ షెడ్డులో చేరాను. గుడ్డ మీద అచ్చులు వేసే పని. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనూ ఆవిణ్ణి వదినా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. దివిసీమ మనిషి, ఇంటర్ దాకా చదివింది. ఆదివారం చర్చి, మిగతా రోజులు నవలలు. బందరు లైబ్రరీ నుంచి తెచ్చి మధ్యాహ్నం అన్నాల దగ్గర పైకి చదివేది. పాతవి కాదు, ఇప్పటివాళ్లు రాసినవి. రొయ్యల చెరువులు, సెల్‌ఫోన్లు, విడాకులు, అన్నీ ఉండేవి వాటిలో. ఏడుగురం ఆడవాళ్లం చుట్టూ కూర్చుని వినేవాళ్లం, వింటూ తగువులాడుకునేవాళ్లం.

"ఆ మొగుణ్ణొదిలేసి రావచ్చుగా, ఇంకా వాడికి చారు కాస్తదేంటి?" అనేది ఒకావిడ.

"నువ్వొదిలేశావేంటే? పొద్దున్నే క్యారేజీ కట్టి పంపలా?"

"నేను నవల్లో లేనుగదే!"

నవ్వి నవ్వి పొలమారేది మాకు.

అలా వింటూ ఉండగా నా లోపలా ఒక కథ పుట్టింది. నేను చెబితే వదిన రాసింది. అన్నం ఎండిపోతున్నా పెన్ను వదిలేది కాదు. అప్పటికే తన నవల ఒకటి సగంలో ఉంది. నాది పూర్తయ్యేదాకా దాన్ని పక్కన పెట్టేసింది. గుడివాడలో నెలకోసారి కలిసి నవలలు చదువుకునేవాళ్లు కొందరున్నారు. వదిన వెళ్లి నాది వాళ్లకు వినిపించి వచ్చింది. వాళ్లే దాన్ని పుస్తకంగా వేశారు. అట్ట మీద నా పేరు అక్షరం అక్షరం చదువుకుంటుంటే వదిన పక్కనే నిలబడి, "రచయిత్రిగారూ, ఇక అచ్చులు తమరే వేస్తారా, మమ్మల్ని వెయ్యమంటారా?" అంది.

ఆ తర్వాతే తనది మళ్లీ ముందుకు సాగింది. దివిసీమలో రేవు దాటించే పడవ నడిపే ఆడమనిషి కథ అది. ఆ రేవు మీద వంతెన కడతారని ఆమెకు తెలిసిన రోజున మొదలవుతుంది. ఒక్కో అధ్యాయం కాగానే నన్ను కూర్చోబెట్టుకుని చదివేది. "ఎట్టా ఉంది వదినా? మొహమాటపడమాక," అనేది.

తను రాసింది పాత ప్రశ్నపత్రాల వెనక వైపు. మా షెడ్డులో వాడే చిత్తుకాగితాలూ అవే. అచ్చు వేసిన గుడ్డ సరిగా ఆరకముందే మడతపెట్టాల్సి వస్తే, నలుపు ఒక మడత నుంచి ఇంకో మడతకు అంటకుండా మధ్యలో కాగితాలు పరుస్తాం. గుడ్డ ఆరాక తీసేసిన కాగితాలతో, రంగు ఉడికించే రాగికాగు కింద పొయ్యి రాజేస్తాం.

వదిన నవల పూర్తయింది. వచ్చే ఆదివారం పట్టుకు రమ్మని గుడివాడవాళ్లు ఫోన్ చేశారు. ఇంటి కప్పు కారుతోందని కట్టను షెడ్డులో తన బల్ల కింద పెట్టి, రెండు రోజులకని పుట్టింటికి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. ఆరేసిన గుడ్డలన్నీ లోపలికి లాగాం. "కాగితాలు, కాగితాలు" అని మేస్త్రి అరుస్తున్నాడు. నాకు కట్ట కనపడింది. పైన అచ్చులో ప్రశ్నలు. తిప్పి చూడలేదు. తిప్పి చూసుంటే చేతిరాతని నాకైనా తెలిసేది.

మర్నాడు మడతలు విప్పి, మరకలు పడ్డ కాగితాలను గుప్పిళ్లతో కాగు కిందికి తోశాను. చక్కగా అంటుకున్నాయి.

వదిన వచ్చి, "ఏం వదినా, నా కట్ట యాడ దాచావ్?" అంది నవ్వుతూ.

గుడ్డలకు అతుక్కుని మిగిలినవి పదకొండు కాగితాలు. నలుపు తినేసి, సిరా పాకిపోయి, ఒక్క వాక్యం కూడా నిలవలేదు. ఫోన్లో ఫోటోలు తీసుకోవాల్సిందని అందరూ అన్నారు. గుడివాడ వెళ్లేముందు తీసుకుందామనే తనూ అనుకుంది.

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనివ్వండి. మీరు తెలియక చేశారు," అంది. నన్ను అండీ అంది.

గుడివాడవాళ్లకు నవల లేదని చెప్పేసింది. షెడ్డుకు రావడం మానేసింది. నేను రోజూ పని కాగానే వాళ్ల గుమ్మం ముందుకెళ్లి నిలబడేదాన్ని. "నేను చెప్తా వదినా, నువ్వు రాయి. చదవటం రానిదాన్ని, చెవిన పడ్డది పోనివ్వను."

"రాసిన నాకే గుర్తులేదు, వెళ్లండి."

ఒకరోజు మూసిన తలుపు ముందు నిలబడి మొదలుపెట్టేశాను. 'పడవ తాడు విప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనక్కి చూసేది కాదు. ఆ రోజు చూసింది.' ఆగకుండా చెప్పుకుంటూ పోయాను. తలుపు తెరుచుకుంది. తన చేతిలో పెన్ను ఉంది.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం అదే పని. పడవ మనిషి కళ్లు తుడుచుకుందని ఒకచోట చెబితే వెంటనే కొట్టేసింది. "ఆమె ఏడవలేదు. ఆ ఏడుపు మీది." తను చెప్పింది నిజం. ఏడుపు తీసేసి మళ్లీ చెప్పాను. పదకొండు అధ్యాయాలు అలా తిరిగొచ్చాయి.

పన్నెండోది దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించలేదు. అప్పట్లో తను అది నాకు చదివి వినిపించిన రోజు, ముందునాడే మా అత్తగారిని బందరు ఆసుపత్రిలో పెట్టి, రాత్రంతా కూర్చుని, పొద్దున్నే పనికొచ్చాను. కళ్లు తెరిచే నిద్రపోయాను. చదవడం ఆగిందని తెలిసి, "అన్నిట్లోకీ ఇదే బాగుంది వదినా," అన్నాను.

"చెప్పండి," అంది, కాగితం సర్దుకుంటూ.

"రేవులో నీళ్లు తగ్గాయి. పడవ ఒడ్డుకు చేరింది..." నేనే కల్పించాను. రెండు వాక్యాలు రాసి పెన్ను ఆపింది.

"ఇది నాది కాదు."

"ఆ రోజు నేను వినలేదు వదినా. నిద్రపోయా."

"అన్నిట్లోకీ బాగుందన్నారుగా? ఆ మాట పట్టుకునే పదమూడోది రాశాను."

"అబద్ధం చెప్పా."

"మరి మిగతా పదకొండూ?" అంది.

అవి నిజంగానే బాగున్నాయని ఒట్లు వేశాను. మొత్తుకున్నాను. పెన్నుకు మూత పెట్టేసింది. ఏం చెయ్యాలో తోచక, మళ్లీ మొదటి అధ్యాయం నుంచి చెప్పడం మొదలుపెట్టాను. రాయమని కాదు. విన్నానని తనకు తెలియాలని.

ఇప్పటికి నాలుగు సాయంత్రాలయింది. తను పెన్ను మూత తీయలేదు. లేచి లోపలికీ వెళ్లలేదు. నిన్న ఐదో అధ్యాయంలో ఒక మాట నాకు జారిపోతే, గోడ వైపు చూస్తూనే తను అందించింది. పన్నెండోది మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.