గిర్ర కుర్చీ మీద మూడు సీజన్లు

మొన్న మా చెల్లెలి కోడలితో కలిసి కారులో బోధన్ వెళ్తుంటే ఆ పిల్ల చేతి గడియారం గుర్రుమని అదిరింది. ఏమైందని అడిగితే, "నాకు టెన్షన్ అయితున్నదంట పెద్దత్తమ్మా, నిమిషంసేపు మెల్లగ ఊపిరి తీసుకొమ్మంటున్నది" అన్నది. "నీకు టెన్షన్ అయితున్నది నీకు తెలువదా, గడియారం వచ్చి చెప్పాల్నా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ గడియారం చేసే పనినే నేను ముప్పయ్యేళ్ళ వయసులో, రొట్టెల డబ్బా అంత పెట్టె ఒకటి, నాలుగు తీగలు ముందేసుకొని, అదే బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల పక్కన ఒక గది అద్దెకు తీసుకొని చేసేదాన్ని. అప్పుడు దాన్ని పరిశోధన అనేవాళ్ళు. ఇప్పుడు అది పుట్టినరోజు కానుక.

నేను చదివింది మనస్తత్వశాస్త్రం, హైదరాబాదులో. మా గైడు సారు నాకు అప్పగించిన విషయం ప్రయాణంలో వచ్చే వాంతులు. నవ్వకండి, నా వయసు వాళ్ళెవరికీ అది నవ్వే సంగతి కాదని నాకు తెలుసు. మన కాలపు బస్సుల్లో కిటికీ పక్క సీటు కోసం జరిగిన యుద్ధాలు, గుప్పిట్లో నలిగిన నిమ్మకాయలు, కడుపు మీద పరిచిన పేపర్లు, వెనక సీటు వాళ్ళు పెట్టిన శాపనార్థాలు మీరు మరిచిపోయి ఉండరు. మా మేనత్త మాత్రం నా పరిశోధన సంగతి విని, "గింత సదువు సదివి ఆఖరికి కక్కుళ్ళ డాక్టరమ్మవైతవా?" అని మూడు పెళ్ళిళ్ళలో అందరి ముందూ అడిగింది. నాలుగో పెళ్ళికి వెళ్తూ వర్ని ఊరు దాటకముందే ఆమే కక్కుకుంది. నేను మంచినీళ్ళ సీసా చేతికిచ్చాను, ఆమెకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

చేసే పని చెప్పడానికి తేలికే. వేలి కొసలకు తీగలు తగిలిస్తే చేతి చెమటనూ వేడినీ ఆ పెట్టె కనిపెట్టి కూత పెడుతుంది. లోపల కలవరం మొదలైతే కూత సన్నగా పైకి లేస్తుంది, నెమ్మదిస్తే బొంగురుపోయి కిందికి దిగుతుంది. మన శరీరం చేసే అలజడిని మన చెవికే వినిపిస్తే, కొన్ని వారాలకు దాన్ని మనమే దించుకోవడం నేర్చుకుంటాం. కడుపులో తిప్పడం కూడా అలాగే అదుపులోకి వస్తుందా అన్నది నా ప్రశ్న. దానికి మనిషిని తిప్పే కుర్చీ కావాలి. హైదరాబాదులో ఉన్నది కదిలించే వీలు లేనిది. మా బాపు, అంటే మా నాన్న, ఫ్యాక్టరీలో ఫిట్టరు, పాత సెలూన్ కుర్చీ ఒకటి తెచ్చి, కింద బేరింగు వేసి, పక్కన చేతిపిడి బిగించాడు. తిప్పేది కూడా ఆయనే. నిమిషానికి ఎన్ని చుట్లంటే అన్నే, ఒకటి ఎక్కువ గాదు, తక్కువ గాదు. జనం దాన్ని గిర్ర కుర్చీ అన్నారు, నన్ను గిర్ర కుర్చీ మేడం అన్నారు.

కోతలు అయ్యాక గాని పల్లెల వాళ్ళకు తీరిక దొరకదు కాబట్టి, దీపావళి దాటిన తర్వాత మొదటి పరీక్ష పెట్టేదాన్ని. కుర్చీలో కూర్చోబెట్టి, ఎన్ని చుట్లకు చాలంటారో రాసుకొని, తర్వాత వారానికి రెండు సార్లు పెట్టె దగ్గర సాధన చేయించి, మిగతా రోజులు ఇంట్లో చేసుకొమ్మని చెప్పి, ఉగాది అయ్యాక మళ్ళీ అదే కుర్చీ. కోటగిరి నుంచి, నందిపేట్ నుంచి, ఇంకా అటు పోచంపాడ్ వైపు నుంచి వచ్చేవాళ్ళు. పది చుట్లకే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న వాళ్ళు ఉగాదికి నలభై చుట్లు తిరిగి నవ్వుతూ దిగేవాళ్ళు. సాధన లేనివాళ్ళను కూడా పక్కన పెట్టి పోల్చాలి గదా, దానికి మా క్వార్టర్ల ఆడవాళ్ళను పిలిచాను. వాళ్ళు దీపావళికి ఎన్ని చుట్లు తిరిగారో ఉగాదికీ అన్నే తిరిగారు. ఇంతకంటే శుభ్రమైన ఫలితం ఎవరికైనా ఎక్కడ దొరుకుతుంది?

రెండో ఏడు వచ్చిన వాళ్ళలో నందిపేట్ అమ్మాయి ఒకతె. పసుపు పండించే ఇల్లు. నిజామాబాద్ కాలేజీలో డిగ్రీ సీటు వచ్చింది, రోజూ పొద్దున బస్సు, రోజూ ఆర్మూర్ రాకముందే వాంతి. కండక్టరు ఆమెను చూడగానే వెనక తలుపు దగ్గరికి పొమ్మనేవాడట. తండ్రి ఆమెను వెంటబెట్టుకొని వచ్చి, కుర్చీని చుట్టూ తిరిగి చూసి, "గీ ఉగాదిదాక సూస్త మేడం. తక్వైతే సదువుకుంటది, లేకుంటె ఇంట్ల ఉంటది. రోజు బస్సుల కక్కుకుంట పోయే పిల్లను జనం ఏమంటరు?" అన్నాడు. "ఏమంటరు, కక్కుతున్నదంటరు, అంతకంటె ఏమంటరు?" అని నేను ఎదురడిగాను. ఆయన నా మొహం చూసి కూతురి మొహం చూశాడు. ఆ పిల్ల మాత్రం నేలచూపులు చూస్తూ, "నేను తప్పకుంట నేర్చుకుంట మేడం" అన్నది.

నేర్చుకుంది. అంత పట్టుదలగా పెట్టె ముందు కూర్చున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కూతను దించడం ఆరో వారానికే పట్టుబడింది. ఉగాదికి మా బాపు చెయ్యి నొప్పి పెట్టేదాకా తిరిగి, "ఇంకో పది తిప్పు తాతా" అన్నది. బస్సులో కూడా వాంతి ఆగిపోయింది. ఆ తండ్రి పసుపు కొమ్ముల సంచి తెచ్చి గది గుమ్మంలో పెట్టి, దండం పెట్టి వెళ్ళాడు.

మూడు సీజన్ల లెక్కలతో వ్యాసం రాశాను. ఒక పత్రిక వాళ్ళు తీసుకున్నారు. అది అచ్చయితే హైదరాబాదులో మా సారు విభాగంలోనే నాకు పర్మనెంటు ఉద్యోగం ఖాయమని సారు చెప్పారు. నేను ఇంట్లో చెప్పాను, అమ్మ వీధిలో చెప్పింది, ఇక చెప్పని వాళ్ళు లేరు.

నాలుగో దీపావళి తర్వాత కోటగిరి దగ్గరి ఒక క్యాంపు నుంచి పెద్దావిడ ఒకామె వచ్చింది. ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి కాలువ భూములకు వచ్చి, ఆ క్యాంపులోనే ఇళ్ళు కట్టుకొని స్థిరపడ్డ కుటుంబం. అక్కడే ఉండిపోయిన అక్కను చూడటానికి అంత దూరం బస్సులో వెళ్ళాలని, వాంతుల భయంతో ఆరేళ్ళుగా వెళ్ళలేదని చెప్పింది. కుర్చీ ఇంకా ఎక్కనే లేదు, గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏవమ్మా, ఈ కంపులో ఎట్టా కూచుంటున్నారే తల్లీ? ఎక్కకముందే నా కడుపులో తిప్పేస్తంది."

"ఏం కంపు?" అన్నాను.

"ఏం కంపంటావేంటి! ఊరంతా కుళ్ళిన బెల్లం పాకం పోసినట్టుంటేను! మీ క్వార్టర్లోళ్ళకి ముక్కులు కోసి పెట్టారా ఏంటి?"

నేను మా బాపు వైపు చూశాను. బాపు గట్టిగా గాలి పీల్చి, ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. నేనూ పీల్చాను. నాకు గాలి వాసన వచ్చింది, అంతే. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి తొట్లు మా గదికి కూతవేటు దూరంలో ఉండేవి. నేను పుట్టింది ఆ వాసనలోనే. దీపావళి వేళకు చెరకు ఆడటం మొదలవుతుంది, ఉగాది నాటికి ఆగిపోతుంది, వాసనా దానితోపాటే పోతుంది. అంటే నా దగ్గరికి వచ్చినవాళ్ళు మొదటిసారి కుర్చీ ఎక్కేటప్పటికే కడుపులో సగం తిప్పుడుతో ఎక్కారు, చివరిసారి శుభ్రమైన గాలిలో తిరిగారు. నా క్వార్టర్ల ఆడవాళ్ళకు నాలాగే వాసన తెలియదు, అందుకే వాళ్ళ లెక్క మారలేదు. బయటి ఊరి ఏ పసిపిల్లనడిగినా చెప్పే సంగతి, అడగాలని తోచనిది నా ఒక్కదానికే.

పెద్దావిడను పంపించేసి కాగితాలు ముందేసుకున్నాను. మొదటి ఏడు చెరకు ఎక్కువై ఫ్యాక్టరీ ఉగాది దాటాక కూడా ఆడింది. ఆ ఏటి వాళ్ళలో చివరి పరీక్ష నాటికి ఒక్కరికీ పెద్దగా తగ్గలేదు. వాళ్ళ పేర్ల పక్కన నా చేతిరాతతోనే 'ఇంట్లో సాధన చేయలేదు' అని ఉంది, అలా రాసి వాళ్ళను సాధన లేనివాళ్ళ లెక్కలో కలిపేశాను. చేశామని వాళ్ళు చెప్పారు. ఒకామె ఏడ్చింది కూడా. అబద్ధాలు చెప్పొద్దని తిట్టి పంపాను.

సారుకు చెప్పడానికి హైదరాబాదు వెళ్ళాను. ఆయన అంతా విని, వచ్చే ఏడు గది మార్చి మళ్ళీ చేద్దాం, ఈ వ్యాసం మాత్రం రానివ్వండి అన్నారు. నేను కుదరదన్నాను. ఆ నందిపేట్ అమ్మాయి బస్సులో వాంతి లేకుండా వెళ్తున్నదా లేదా, మీ గదిలో వాసన ఉంటే బస్సులోనూ ఉన్నదా అని వాదించారు. ఒక్క పిల్ల రుజువు కాదని నేను వాదించాను. గంటన్నర వాదించుకున్నాం, నేను గెలిచాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి పోస్టు చేసి బోధన్ బస్సెక్కాను. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

ఇంటికి వచ్చి చెప్తే బాపు కుర్చీ పిడి పట్టుకొని నిలబడి, "మనకది వాసన ఎట్లయితది బిడ్డా, మనకది అన్నమాయె" అన్నాడు. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆ సాయంత్రం తీగలు నా వేళ్ళకే తగిలించుకొని పెట్టె నడిపించాను. కూత బొంగురుగా, ఒకే తీరుగా, గీత గీసినట్టు సాగింది. నేను నేర్పినవాళ్ళలో ఎవరికీ అంత నిలకడ కుదరలేదు. అదేమీ గొప్ప కాదు, లోపల కదలడానికి ఏమీ మిగలలేదంతే.

నందిపేట్ అమ్మాయికి మాత్రం చెప్పలేదు. అప్పుడామె డిగ్రీ చివరి ఏడు. చెప్పాక బస్సులో మళ్ళీ మొదలైతే తండ్రి ఇంట్లో కూర్చోబెడతాడు. పత్రికకు చెప్పిన నిజం ఆ పిల్లకు చెప్పకపోవడం న్యాయమా అని నాతో నేనే వాదించుకున్నాను, అందులో ఎవరూ గెలవలేదు. ఆమె డిగ్రీ అయింది, తర్వాత బీఎడ్, తర్వాత టీచరు ఉద్యోగం, రోజూ రెండు బస్సులు మారి బడికి వెళ్ళేది. నేను నిజామాబాదులో ఒక గదిలో కూర్చొని నిద్రపట్టని వాళ్ళకూ, పరీక్షలంటే వణికే పిల్లలకూ మాటలు చెప్తూ ఏళ్ళు గడిపాను. ఫ్యాక్టరీ మూతపడింది. బాపు పోయాడు. పెట్టె చెడిపోయింది, కుర్చీని పాత ఇనుము వాడు తీసుకెళ్ళాడు.

నిరుడు నిజామాబాదులో ఒక పెళ్ళికి వెళ్తే ఆ నందిపేట్ అమ్మాయే నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుంది. జుట్టు నెరిసింది, గొంతు టీచర్ల గొంతు అయింది. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు పెదనాన్న ఒకాయన, ఈ మనసు డాక్టర్లంతా ఉత్త మాటల మనుషులని మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "గట్లనకుండ్రి అన్నా. నన్ను సూడుండ్రి, నేనే సాక్ష్యం. గీ మేడం లేకుంటె నేను నందిపేట్ దాటకపోదును" అన్నది.

అప్పుడు నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. నా తరఫున చెప్పినా సరే, తప్పుడు సాక్ష్యం నా చెవిన పడితే నేను సవరించకుండా ఉండలేను. పెరుగన్నం కలుపుతూనే మొత్తం చెప్పేశాను, మడ్డి వాసన, ఉగాది, క్వార్టర్ల ఆడవాళ్ళు, వెనక్కి తీసుకున్న వ్యాసం, అన్నీ. పెదనాన్నకు విసుగొచ్చి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఆమె మాత్రం కదలకుండా విని, కొంచెం నవ్వి, "అంటె గా గిర్ర కుర్చీ ఉత్తదేనా మేడం? నేను ఉత్తగనే ఎక్కిన్నా బస్సు?" అన్నది. "ఉత్తది కాకపోవచ్చు, నాకు తెలువదు, అదే చెప్తున్న" అన్నాను. సరే మేడం అని, ఆకు ఎత్తి, దండం పెట్టి వెళ్ళింది.

మరునాడు ఫోను చేసింది. నిందేమీ లేదు గొంతులో, రిపోర్టు ఇచ్చినట్టు చెప్పింది. "మేడం, నిన్న వాపస్ పోయేటప్పుడు బస్సుల కక్కుకున్న. ఇన్నేండ్లకు."

ఎక్కడ కూర్చున్నావు, ఏ ఊరు దాటాక మొదలైంది, ఏం తిన్నావని వరసగా అడిగాను, అలవాటు. ఆమె అన్నింటికీ జవాబు చెప్పింది. ఆ జవాబులు వింటుంటే నాకు అర్థమైంది, మూడు సీజన్ల పాటు నేను వెతికిన రుజువు ఇదే. ఆమెకు పనిచేసింది ఆ కుర్చీ మీద పెట్టుకున్న నమ్మకమే, అది ముందురోజు భోజనాల దాకా చెక్కుచెదరలేదు, నా మాటతోనే విరిగింది. రాసి పంపడానికి సారు లేరు, ఇప్పుడు రాసినా చదివేవాళ్ళు లేరు. చేతిలో పెన్ను ఉంది, కాగితం మీద ఏమీ రాయలేదు.

ఇప్పుడామె బడికి బస్సెక్కడం లేదు, భర్త బండి మీద దింపుతున్నాడట, ఆయనకు పని ఉన్న రోజు సెలవు పెడుతుందట. రోడ్లు నున్నగా అయ్యాయి, బస్సులు కుదుపు లేకుండా పోతున్నాయి, వాంతులకు నోట్లో వేసుకునే మాత్రలు ప్రతి దుకాణంలో దొరుకుతున్నాయి. మునుపటి రోజుల్లో అయితే ఇలాంటి ఫోను వస్తే, ఆదివారం రా, నాలుగు వారాలు కూర్చో, తగ్గుతుంది అని గట్టిగా చెప్పేదాన్ని. నేను చెప్తే జనం నమ్మేవాళ్ళు, నమ్మి బస్సెక్కేవాళ్ళు. ఆ రోజు ఫోనులో ఆ మాట అనడానికి నోరు తెరిచాను గాని, మిగతా ఎవరితోనైనా అనగలనేమో, ఆమెతో అనే హక్కు నేనే పోగొట్టుకున్నాను. "జాగ్రత్త" అన్నాను. ఆమె "మంచిది మేడం" అని ఫోను పెట్టేసింది.