జక్రయ్య జీపు వెనక ఇల్లు

మా తమ్ముడు జక్రయ్య చెడ్డవాడని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. అనాల్సినవేవన్నా ఉంటే నేనంటాను, అక్కను కాబట్టి. వాడు తాగడు, కొట్టడు, ఒకరి సొమ్ము ముట్టడు. అయినా వాడి భార్య జయకుమారి వాణ్ణి నడిరోడ్డు మీద వదిలి బస్సెక్కింది. అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ సంగతి చెప్పుకుంటున్నారు. చూసినదాన్ని నేను. అందుకని రాస్తున్నాను.

జక్రయ్య పగలు పత్తి చేలో కూలి, పొద్దుగూకితే బోధకుడు. వాడు పాట ఎత్తుకుంటే పెద్ద రైతులు కూడా అరుగుల మీద మాటలాపి వినేవాళ్ళు. లోపలికి పిలిచి కూర్చోబెట్టినవాడు మటుకు ఒక్కడూ లేడు. జయకుమారి మిరప కల్లాల్లో తొడిమలు తీసేది, తాలుకాయలు ఏరేది. కొన్నేళ్ళకు ఆమెకు దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుకు చూపిస్తే, "మందులకంటే ముందు ఆ మిరప ఘాటు వదులుకో అమ్మా. సముద్రపు గాలికి పోతే బతుకుతావు" అన్నాడు. ఇది ఎనభై మూడులో మాట. మా పల్లెకు ఏ దిక్కు నుంచి గాలి వీచినా మిరప చేల మీదుగానే రావాలి.

అదే ఏడు కొత్తపట్నం దగ్గర చేపలు పట్టేవాళ్ళు తమకొక బోధకుణ్ణి పంపమని సువార్త కమిటీని అడిగారు. ఇల్లు ఇవ్వలేం, ఇసకలో చోటిస్తాం అన్నారు. కమిటీ దగ్గర ఒక ముసలి జీపుంటే అది జక్రయ్యకిచ్చి, ఇంటి సంగతి నువ్వే చూసుకోమంది. అప్పుడు వాడికి ఆలోచన పుట్టింది. జీపు వెనక చక్రాల మీద చిన్న ఇల్లు కట్టుకుంటే, ఏ పాలెం పిలిస్తే ఆ పాలెం పోవచ్చు, జయకుమారిని సముద్రం పక్కనే ఉంచొచ్చు. మంచి ఆలోచనే. నేనూ మెచ్చుకున్నాను.

అద్దంకిలో వెల్డింగు షెడ్డున్న హుస్సేన్ సాహెబ్ దగ్గరికి పోయాం. ఆయన జీపు చుట్టూ తిరిగి, బానెట్ మీద ఒక్కటి చరిచాడు.

"చూడండి అయ్యగారూ, దీని వెనక పత్తి బండి కట్టొచ్చు, రాళ్ళ బండి కట్టకూడదు. ఆకారం ఎంతన్నా ఉండనీండి, బరువు మటుకు పత్తంత ఉండాల. వెనక బండికి బ్రేకులుండవు, దిగుడులో వచ్చి మిమ్మల్నే గుద్దుద్ది. బరువంతా ఇరుసు మీద పడాల. ముందుకు పడిందా, జీపు ముక్కు పైకి లేసి స్టీరింగు మాట వినదు."

"ఎద్దుబండికైనా అంతే గదయ్యా" అన్నాను.

"అంతేనమ్మా. కాకపోతే ఎద్దు మొరాయిస్తది, బతికిపోద్ది. జీపు మొహమాటపడి చచ్చిద్ది."

పాత ట్రాక్టరు తొట్టి ఇరుసూ చక్రాలూ తెచ్చి, సన్న ఇనప చట్రం బిగించి, వెదురు బద్దలు, తాటాకు చాపలు, పైన టార్పాలిన్ వేశాడు. జయకుమారి లోపలికెక్కి చూసింది. "ఒక నులక మంచం, ఒక కిరసనాయిలు పొయ్యి, బట్టలకో దండెం. చాలు వదినా" అంది. ఆమె నవ్వితే దగ్గొచ్చేది. ఆ రోజు దగ్గొచ్చినా నవ్వింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా వాళ్ళకొక అలవాటుంది. గుడికి ఫ్యాను ఇస్తే రెక్క మీద పేరు రాయించాలి, కుర్చీ ఇస్తే వీపు మీద రాయించాలి. బోధకుడి బండి సముద్రం దాకా పోతుందని తెలిసేసరికి పేర్లన్నీ బయల్దేరాయి. సంఘపెద్ద ఆదాం తన తల్లి జ్ఞాపకార్థం సిమెంటు నీళ్ళ తొట్టి ఇచ్చాడు. వరసకు మాకు మామయ్యే దానయ్య ఇనప బీరువా ఇచ్చాడు, తలుపు నిండా ఎర్ర పెయింటుతో వాడి పేరే. ఇంకొకరు టేకు తలుపు. తాటాకు చాపకు టేకు తలుపు! ఏదీ ఇవ్వలేని కూలివాళ్ళంతా కూడబలుక్కుని, ఇంటింటి పేరూ చెక్కించి ఒక రాయి తెచ్చారు. నిలువునా నిలబెడితే నా నడుం దాకా వచ్చింది. దాన్ని అందరికీ కనపడేలా ముందు భాగంలో బిగించమన్నారు.

"ఇల్లా అయ్యగారూ ఇది, గోరీయా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్. అంటూనే బిగించాడు. "చెప్పటం నా ధర్మం, బిగించటం నా పని" అని చేతులు దులుపుకున్నాడు.

నేను జక్రయ్యను పక్కకు లాగాను. "ఒరే, వద్దని చెప్పలేవంట్రా?"

"అక్కా, మన అమ్మ పేరు ఎక్కడన్నా రాసుందా? ఆమెను పూడ్చిన చోట గుర్తు కూడా లేదు. వీళ్ళంతా బతుకులో మొదటిసారి పేరు రాయించుకుంటున్నారు. వద్దని ఏ నోటితో చెప్పమంటావు?"

ఆ మాటకు నేను ఒప్పుకున్నాను. జీపు ఒప్పుకోవాలి గదా. బీరువా పెట్టాక నులక మంచానికి చోటు చాలక ఇంట్లోనే వదిలేశారు.

మిరప కోతలు ముదిరిన రోజుల్లో ప్రార్థన చేసి, దండలు వేసి సాగనంపారు. జక్రయ్య పక్కన జయకుమారి కూర్చుంది. దిగబెట్టి వద్దామని నేను వెనక బీరువాను పట్టుకుని కూర్చున్నాను. చదును రోడ్డు మీద జీపు ఎలాగో నడిచింది. ఒంగోలు దారిలో కాలువ వంతెన ఎక్కుడు సగం ఎక్కిందో లేదో, కమురు వాసన, పొగ. ఆ తర్వాత మొత్తం వెనక్కి జారడం మొదలైంది. నేను దూకి చక్రం కింద రోడ్డు పక్క రాయొకటి పెట్టాను. పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్ళు ఒళ్ళో నింపుకోవడం మాని చూస్తున్నారు.

"దించరా. ముందా నీళ్ళ తొట్టి దించు" అన్నాను.

"అది ఆదాం గారి అమ్మదక్కా."

"బీరువా?"

"దానయ్య మామకు మళ్ళీ ఏ మొహం చూపించను?"

"పోనీ ఆ రాయి?"

"పల్లె మొత్తం ఉంది దాంట్లో."

"అందుకే ఎక్కట్లా."

జయకుమారి దగ్గు ఆపుకుని, "ఏమయ్యా, ఇక్కడ దించి పోదాం. చేరినాక ఒక్కోటీ తెచ్చుకోవచ్చు. నాకు ఊపిరాడట్లా" అంది.

జక్రయ్య సామాన్లన్నీ ఒకటొకటిగా చూశాడు. చివరికి ఆమెను చూశాడు.

"నువ్వు దిగు జయా. వంతెన అవతలికి నడిచి ఉండు. దించటానికి, ఎవరి పేరూ రాసి లేనిది నువ్వొక్కదానివే."

కోపంగా అనుంటే ఆమె మర్చిపోయేది. వాడు బుద్ధిగా, బాగా ఆలోచించి అన్నాడు.

ఆమె దిగింది. బట్టల మూట, కిరసనాయిలు పొయ్యి తీసుకుంది. ఆమె దిగినా జీపు జానెడు కూడా కదల్లేదు. వంతెన మీదికెక్కి నిలబడింది; ఒంగోలు బస్సొస్తే చెయ్యెత్తింది.

"ఎక్కడికే?" అని అరిచాను.

"సముద్రం దగ్గరికి వదినా. డాక్టరు పొమ్మన్నది నన్ను, బీరువాను కాదు."

సాయంత్రానికి ఎడ్లు తోలుకొచ్చి బండిని కాలువ కట్ట పక్కకు లాగించారు. జీపును బాగు చేయిస్తామని కమిటీవాళ్ళు తీసుకుపోయారు, మళ్ళీ ఇవ్వలేదు. ఇక కదలదని తెలిశాక మొదట ఆదామే వచ్చాడు. "రోడ్డు పక్కన పడుండటానికా మా అమ్మ పేరు? పశువులకన్నా నీళ్ళు పోసుకుంటాం" అని తొట్టి ఎత్తించుకుపోయాడు. తర్వాత బీరువా, ఆ తర్వాత తలుపు. రాయి అందరిదీ కాబట్టి ఎవరూ ముట్టలేదు. వానకొక అంగుళం చొప్పున మట్టిలోకి దిగుతోంది. జక్రయ్య ఆ చాపల మధ్యనే ఉంటున్నాడు.

వాడు పంపితే నేను కొత్తపట్నం పోయాను. జయకుమారి ఇసకలో ఎండు చేపలు తిరగేస్తోంది. ఒంటి మీద కాస్త కండ పట్టింది. మాట మధ్యలో దగ్గు రాలేదు.

"ఆయన్నే రమ్మను వదినా. ఒట్టి చేతులతో రమ్మను. పాకలో ఇద్దరికి చోటుంది" అంది.

వచ్చి చెప్పాను.

"పల్లె పంపితే పోవాలి గానీ, పెళ్ళాం పిలిస్తే బోధకుడు పోతాడా అక్కా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏ నలుగురు రా? వచ్చి ఎవరి సామాను వాళ్ళు ఎత్తుకుపోయారే, ఆ నలుగురేనా?"

వాడు పోలేదు. ఆమె మళ్ళీ కబురు పంపలేదు. నేనిప్పుడు కొత్తపట్నం పోతే వాడి ఊసెత్తను. ఆమె పెట్టిన అన్నం తిని వస్తాను.