సోమనర్సయ్య కాచిన సిద్ధబీజాలు

జనగామలోని ఓ కాలేజీలో సోమనర్సయ్య పాతికేళ్లుగా ల్యాబ్ అటెండర్. చదివింది ఏడో తరగతే అయినా స్లైడ్లు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. పూల పుప్పొడిని ఆసిడ్‌లో కాచి, మురికంతా పోగొట్టి, అద్దంలా తీసేవాడు. ఆ పనితనమే చివరికి అతని కొంప ముంచింది.

సకల జనుల సమ్మె రోజులవి. పరిశోధన చేసుకుంటున్న దయాకర్ ఒక ఫెర్న్ ఆకు పట్టుకొచ్చాడు. సోమనర్సయ్యకు వాడంటే ప్రాణం. భూపాలపల్లి అడవిలో ఏదో చిన్న వాగు, ఒర్రె అంటారే, దాని పక్కన ఆ మొక్క ఒక్కటే కనపడిందట. ఆకు చూస్తే అందరికీ తెలిసిన రకమే. ఆకు వెనక ఉన్న గోధుమరంగు పొడిని, అంటే ఫెర్న్‌కు విత్తనాల్లాంటి సిద్ధబీజాలను, దయాకర్ నీటిచుక్కలో వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు.

"జర సూడు కాకా. చిక్కుడు గింజ లెక్కనే ఉన్నది గని, మీద పొర సూసినవా? అన్నీ ముడతలే. మనకు తెలిసినదానికి గీ పొర లేదు. గిది వేరే జాతి!"

సోమనర్సయ్య కన్ను ఆనించి చూశాడు. ముడతలు స్పష్టంగా కనపడ్డాయి.

"పొట్లంల పొడి ఉన్నది. మంచి స్లైడ్లు చేసిపెట్టు, వచ్చినంక ఫొటోలు తీస్త" అని చెప్పి దయాకర్ మర్నాడు ధర్నాకు హైదరాబాద్ బయల్దేరాడు. ఆలేరు దాటాక సుమో బోల్తా కొట్టింది. పిల్లవాడు పోయాడు.

దినాలయ్యాక సోమనర్సయ్య ల్యాబ్ తలుపు తీశాడు. వాడి ఆఖరి పని నిగనిగలాడాలని, చిటికెడు కూడా మిగల్చకుండా పొడంతా ఆసిడ్‌లో కాచాడు. ప్రేమ ఎక్కువైతే ఆలోచన ఎక్కడుంటుంది!

స్లైడు చూసి లెక్చరర్ సురేందర్ మొహం పాలిపోయింది. "నర్సన్నా, దయాకర్ చెప్పిన పొర ఏది? గది ఆసిడ్‌ల నిలువదే! గిప్పుడు గిది మామూలు రకమే అంటరు." నీటిచుక్కలో చూసిన స్లైడును ఆనాడే కడిగేశారు. ఆకు ఎంత దులిపినా ఇంకేమీ రాలలేదు. మొక్క ఏ ఒర్రె దగ్గరుందో దయాకర్ రాసిపెట్టలేదు.

ఆ వారమే వాడి తల్లి చంద్రమ్మ కొడుకు పుస్తకాల కోసం వచ్చింది.

"కొత్త మొక్క దొరికిందని మా పోరడు ఫోన్ల చెప్పిండు. నిజమేనా అన్నా?"

సోమనర్సయ్య గుండె చెరువైంది. "నిజమే చెల్లె. నా కండ్లతోని సూసిన. సూపెట్టేటిదాన్ని నేనే పాడు చేసిన" అంటూ భోరుమన్నాడు.

చంద్రమ్మ పుస్తకాలు సంచీలో సర్దడం ఆపింది. "నువ్వు సూసినవు గదా. సార్లు నీ మాట రాసుకుంటరా?"

"రాసుకోరు చెల్లె. కండ్లకు సూపెట్టాలె."

ఆమె పుస్తకాల సంచీ భుజానికెత్తుకుని మెట్లు దిగింది. నాలుగు తిట్లు తిట్టిపోయినా బాగుండేదనుకుంటూ సోమనర్సయ్య తలుపు దగ్గరే నిలబడిపోయాడు.