పాక్షికమా, పూర్తిగానా

గాలివాన నష్టం రాయడానికి నన్ను గోదావరిఖని పంపారు. కూలిన ఇల్లు కూలిందని చెప్పడానికి ఇంజనీరే కావాలి మరి. ఫారంలో గళ్ళు రెండు: పాక్షికం, పూర్తి. పూర్తిగా కూలితేనే కొత్త ఇంటికి సాయం.

గని కార్మికుడు మల్లయ్య ఇంటికి ఒక గోడే పోయింది. లోపల నిలబడి ‘పాక్షికం’ అని రాశాను.

“పిల్లలతోని ఏడ పండాలె సారూ?”

“నిబంధన,” అన్నాను.

గనిలో కప్పును తట్టి చూసినట్టే, అతను కర్రతో దూలాన్ని తట్టి విన్నాడు.

“గుల్లగ పలుకుతున్నది. జల్ది బయటికి నడువుండ్రి.”

నా చదువులో ఆ పరీక్ష లేదు కనుక టేపు పరిచాను. అతను నన్ను బయటికి ఈడ్చాడు. వెనకే కప్పు కూలింది.

“ఇగ నిమ్మలంగ కొలుసుకోండ్రి సారూ, కూలెతందుకు ఇంకేం లేదు.”

‘పూర్తి’ అని రాశాను, కొలవకుండానే.