డంగ్రీ కోటు మీద పచ్చగడ్డి మరక

అది 1944. యుద్ధం ఇంకా నడుస్తోంది. కంభం స్టేషను వెనక ఉన్న రైల్వే క్వార్టర్లకు నేనే బట్టలు ఉతికేదాన్ని. చెరువు తూము నుంచి వచ్చే కాలువ పక్కన మా బండలు, ఆ వెనకే మా గుడిసె, దాని ముందు బట్టలు ఆరేసుకునే దండేలు. నాకప్పుడు ముప్పై దాటాయి. పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు గానీ, నోరు మాత్రం కొంచెం దురుసు. ఏదైనా తోస్తే నాలుక మీద ఆగేది కాదు. ఆ నోటితో ఒకసారి ఒక మనిషికి అన్యాయం చేశాను. దాని గురించే రాస్తున్నాను.

రైల్వే బట్టల్లో అన్నిటికన్నా మొండిది డంగ్రీ. నీలిరంగు వేసిన మందపాటి నూలు గుడ్డ అది. ఇప్పటి పిల్లలు జీన్స్ అని తొడుక్కుని తిరిగేది దాని బంధువే. తడిసిన డంగ్రీ కోటు ఎత్తాలంటే నడుములు పట్టుకునేవి. దాని మీద పడేది గ్రీజు, బొగ్గు మసి, లాంతరు నూనె. వాటికి మా దగ్గర ఉబ్బ ఉంది. ఉబ్బ అంటే, చౌడుమట్టి నీళ్ళలో ముంచిన బట్టలను పెద్ద బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించడం. ఎంత మురికైనా ఆ ఆవిరికి లొంగుతుంది.

పచ్చగడ్డి మరక సంగతి వేరు. అది మురికి కాదు, పసరు. వేడి తగిలిందంటే దారంలోకి దిగి కూర్చుంటుంది. పైగా ఉబ్బ ఆవిరి కాకుండా నేరుగా చౌడు నీళ్ళల్లో ఉడకబెడితే డంగ్రీ నీలం మచ్చలు మచ్చలుగా తేలిపోతుంది. ఈ సంగతి మా అమ్మ నాకు పదేళ్ళ వయసులోనే చెప్పింది. కాబట్టి తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు.

ఒకనాటి పొద్దున, ఊరు అంటరానిదిగా చూసే పాలెం నుంచి మరియమ్మ వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. సన్నని మనిషి. చెరువు కట్ట కింద గడ్డి కోసి, స్టేషను దగ్గర జట్కా వాళ్ళకు మోపులు వేసేది. ఆమె భర్త దావీదు రైలుపట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. యుద్ధానికి పట్టాలు వేయాలని మనుషులను అస్సాం వైపు తీసుకుపోయినప్పుడు అతనూ పోయాడు. అప్పటికి ఏడాదిన్నర.

ఆమె మా గుడిసెకు పది అడుగుల దూరంలోనే నిలబడింది. పాలెం బట్టలు మా వాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అది మా పెద్దల కట్టుబాటు. ముట్టినట్టు తెలిస్తే ఊళ్ళో వాళ్ళు మాకు బట్టలు వేయడం మానేస్తారు. అది తప్పని నాకు ఆ రోజుల్లో తోచలేదు. అందుకే ఆమె ఉతకమని అడగడానికి రాలేదు. ఇంట్లో ఎలా ఉతుక్కోవాలో అడగడానికి వచ్చింది.

"సుబ్బక్కా, డంగ్రీ మీద గడ్డి మరక ఎట్ల పోతాది?" అంది.

చంకలోని మూట విప్పి కోటు చూపించింది. దావీదు కోటు. రెండు మోచేతుల మీద, గుండెల మీద పచ్చని మరకలు. పాతవి కావు. నిన్నో మొన్నో పడినవి.

"జాబు వచ్చిందక్కా. సెలవు మీద వస్తుండాడంట. వచ్చే నెల. ఆ లోపల తీసెయ్యాల."

నేను మరకల వైపు చూశాను, ఆమె వైపు చూశాను. మొగుడు పోయి ఏడాదిన్నర. కోటు మీద మరకలు పచ్చివి. బట్టలు ఉతికే వాళ్ళకు ఊళ్ళో వాళ్ళ గుట్లన్నీ తెలుస్తాయి. ఎవరింట్లో ఎవరు జ్వరపడ్డారో, ఎవరు తాగి పడ్డారో బట్టే చెబుతుంది. నాకు అన్నీ చదవడం వచ్చుననే పొగరు ఉండేది.

"ఎవరు తొడుక్కున్నారమ్మా దీన్ని?" అన్నాను. అడిగిన తీరు మంచిది కాదు.

ఆమె ముఖం మాడిపోయింది. జవాబు చెప్పలేదు. ఆ మౌనంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది. పాపం ఆ దావీదు ఎక్కడో అడవుల్లో రాళ్ళు మోస్తుంటే, ఇక్కడ ఈమె ఇట్లా అనుకున్నాను. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో, "ఏముంది, చౌడు నీళ్ళల్లో ఉడకబెట్టు. పోతాది" అనేసి లోపలికి పోయాను.

నా కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. అది మరియమ్మకు సంబంధించింది కాదు. మా ఆయన రంగూన్‌కు కూలికని పోయి అప్పటికి ఐదేళ్ళు. మొదట్లో ఎవరో ఒకరితో కబురు వచ్చేది. అక్కడ బాంబులు పడ్డాక కబురు లేదు. కంభంలో బండి దిగే ప్రతి మనిషినీ నేను చెరువు గట్టు మీద నుంచి చూసేదాన్ని. ఇంకొకామెకు జాబు వచ్చిందంటే ఓర్వలేకపోయాను. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండు రోజులకు మరియమ్మ మళ్ళీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నువ్వు చెప్పినట్లే చేసినానక్కా. భయమేసి ఒక చెయ్యి మాత్రమే ముంచినా. చూడు."

కోటు ఎడమ చేయి మీద పచ్చమరక తుప్పు రంగుకు తిరిగింది. చుట్టూ నీలం పాలిపోయింది. ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే ముందుకు పోయి కోటు అందుకున్నాను. ఆమే ఒక అడుగు వెనక్కి వేసింది.

చేతిలోకి వచ్చాక కోటు వేరే సంగతి చెప్పింది. రెండు చేతులకూ ముంజేతి దగ్గర రెండేసి సార్లు మడిచిన గీతలున్నాయి. దావీదు ఆరడుగుల మనిషి. అతను మడవాల్సిన పని లేదు. మడత విప్పితే లోపలి నుంచి గడ్డి గింజలు రాలాయి. గుండెల మీద మరక ఒక పక్కకే ఉంది. కోసిన గడ్డిని ఎడమచేత్తో కావలించుకుని మోపు కట్టే మనిషికి అక్కడే పసరు అంటుతుంది. గుండీ సందులో పొడవాటి వెంట్రుక చిక్కుకుని ఉంది.

"నువ్వే తొడుక్కున్నావా?" అన్నాను.

ఆమె తల దించుకుంది. "నవ్వుతావని చెప్పలేదక్కా. ఆడమనిషి మగోళ్ళ కోటేంది అంటారు గదా. గడ్డి గీరుకోకుండా అని మొదట తొడుక్కున్నా. తర్వాత అది లేకపోతే పని సాగలేదు. అది తొడుక్కుంటే ఆయన నా ఎనకాల నిలబడి నా చేతులు పట్టుకున్నట్టు ఉంటాది. అంతే అక్కా, ఇంకేం లేదు."

"నీకు తప్పు మాట చెప్పినాను మరియమ్మా. తెలిసే చెప్పినాను. నిన్ను అనుమానించినాను" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వన్నందుకు కాదు గానీ, ఆయన కూడా అట్లనే అనుకుంటే నేనేం చేసేదక్కా? ఏడాదిన్నర ఎదురుచూసింది అందుకా?" అంది.

ఆ కోటు నా చేతులతో బాగుచేయాలని అప్పుడే అనుకున్నాను. మాతోనే ఉండే మా పెద్దమ్మ చూసి గుమ్మంలోనే గొణిగింది. గొణగనీ అనుకున్నాను.

ఎలా తీశానో చెబుతాను, ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. స్టేషను మాస్టరు గారింట్లో స్టవ్ వెలిగించే స్పిరిట్ ఉండేది. అమ్మగారిని అడిగి చిన్న సీసాడు తెచ్చాను. స్పిరిట్ పసరును కరిగిస్తుంది. ముందు కోటు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి, రంగు దిగుతుందేమో చూశాను. దిగలేదు. మరక కింద తెల్లగుడ్డ పరిచి, దూది స్పిరిట్‌లో ముంచి మరక అంచు నుంచి నడుమకు అద్దుకుంటూ వచ్చాను. రుద్దకూడదు. రుద్దితే మరక వెడల్పవుతుంది. కింది గుడ్డకు పచ్చదనం దిగినప్పుడల్లా గుడ్డను జరపాలి. స్టవ్ మంట దగ్గర ఈ పని పెట్టుకోకూడదు. ఆ తర్వాత చన్నీళ్ళలో ముంచి, కుంకుడు నురుగు వేసి, అరచేత్తో మెల్లగా పిసకాలి. మరక పూర్తిగా పోయేదాకా వేడినీళ్ళు గానీ ఇస్త్రీ గానీ తగలనివ్వకూడదు. ఒకసారితో పోకపోతే మళ్ళీ చేయాలి. చివరికి తిరగేసి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే నీలం పాలిపోతుంది.

పచ్చమరకలు రెండు రోజుల్లో పోయాయి. నేను ఉడికించమన్న ఎడమ చేయి మాత్రం నాలుగు రోజులు సతాయించింది. పోయింది గానీ నీడలాంటిది మిగిలింది. ఆ నీడ నాది.

ఆ నాలుగు రోజులూ మరియమ్మ నా పక్కనే కూర్చునేది. మిషన్ బడిలో చదువుకున్న మనిషి. కర్రపుల్లతో నేల మీద నా పేరు రాసి చూపించేది. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అప్పుడు పడ్డ అక్షరాలే. ఒకరోజు అడిగింది, "మీ ఆయన బట్టలు ఏమన్నా ఉండాయా అక్కా?"

"రెండు పంచెలు, ఒక చొక్కా" అన్నాను.

"వాసన ఉంటాదా?"

లేదు. మా ఇళ్ళలో మనిషి ఊరికి పోయిన రోజు అతని బట్టలు ఉతకరు, అపశకునమని. అందుకని ముందురోజే ఉతికేస్తారు. నేను ఆయన బట్టలన్నీ ముందురోజే ఉబ్బకు వేసి, ఉతికి, గంజి పెట్టి, మడత పెట్టాను. పనిమంతురాలినని అత్తగారు మెచ్చుకుంది. ఆయన ఒంటి వాసన ఉన్న గుడ్డపేలిక ఒక్కటి కూడా నా ఇంట్లో మిగలలేదు. ఊరందరి మురికీ నా ఇంట్లో పోగుపడి ఉండేది, ఆయనది తప్ప. ఈ మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. మరియమ్మకు చెప్పాను.

ఆమె కోటు తీసుకుపోయింది. దావీదు వస్తానని రాసిన నెల వచ్చింది. రోజూ మధ్యాహ్నం బండి వేళకు స్టేషనుకు పోయి, తిరిగి మా గుడిసె మీదుగానే వెళ్ళేది.

"రాలేదా?"

"రేపు చూస్తానక్కా."

ఆ రేపు పన్నెండు రోజులు సాగింది. ఆ తర్వాత స్టేషనుకు పోవడం మానేసింది. ఒకనాడు చెరువు కట్ట కింద గడ్డిలో నీలం కోటు వంగి లేవడం చూశాను. మూడో రోజుకు కోటు మళ్ళీ నా దగ్గరికి వచ్చింది, పచ్చగా.

"మళ్ళీ ఎందుకు తొడుక్కున్నావే?" అన్నాను.

"ఉతికినాక అది ఆయన కోటు మాదిరి లేదక్కా. దుకాణంలో కొన్నట్టు ఉండె. తొడుక్కున్నాకే మా ఇంటిదయింది."

స్పిరిట్ సీసా తీశాను. ఈసారి ఉతికి, మా దండెం మీదే, చింతచెట్టు నీడ పడే చోట, అందరికీ కనబడేట్టే ఆరేశాను. అప్పటికే ఊళ్ళో రెండిళ్ళ వాళ్ళు బట్టలు వేయడం మానేశారు. మా పెద్దమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఆమెతో మాటలు లేకపోవడం నాకు పెద్ద కష్టంగా తోచలేదు.

ఆ మధ్యాహ్నమే స్టేషను వైపు నుంచి ఒక మనిషి వచ్చాడు. నెత్తిన రేకుపెట్టె, భుజాన దుప్పటి. ఎముకలకు చర్మం అంటుకున్నట్టున్నాడు. దండెం దగ్గర ఆగిపోయాడు. కోటు కాలరు తిప్పి లోపల వేసిన గ్యాంగు నంబరు చూశాడు. అప్పుడు పోల్చుకున్నాను, దావీదని.

"సుబ్బక్కా, ఇది నా కోటు గదా?"

"నీదే నాయనా. ఎప్పుడు దిగినావు?"

నీళ్ళు కారుతున్న కోటు చేతుల వైపే చూస్తున్నాడు.

"నేను లేకపోతే ఇది మాయడమేంది? ఎవరు తొడుక్కుంటుండారు?"

గొంతు బాగా తగ్గించి అడిగాడు. ఆ ప్రశ్న లోపల ఏముందో నాకు తెలుసు. అదే ప్రశ్న నా నోట్లోంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఆ క్షణాన నేను ఒక్క మాట అటూ ఇటూగా అన్నా, నవ్వినా, తడబడినా మరియమ్మ బతుకు ఏమయ్యేదో. నోరు అదుపులేని దాన్ని నేను. ఆ రోజు ఒక్కొక్క మాటా చూసుకుని చెప్పాను.

"నీ పెండ్లామే నాయనా. గడ్డి కోసేటప్పుడు తొడుక్కుంటాది. రోజూ."

"ఈ ఎండలోనా? ఇంత మందం కోటు?"

"ఎండైనా అంతే. నువ్వు లేవు గదా మరి."

దావీదు పెట్టె కింద దించాడు. తర్వాత దండెం మీద నుంచి కోటు తీసి తొడుక్కోబోయాడు.

"తడిగా ఉండాది. ఒక గంట ఆగు, ఆరిపోతాది."

"ఏడాదిన్నర ఆగినానక్కా" అన్నాడు. "ఆమె యాడుండాది?"

"కట్ట కింద."

పెట్టె నా దగ్గరే వదిలేసి, తడి కోటుతోనే పోయాడు. అతను పోయిన దారి మట్టిలో నీళ్ళ చుక్కలు పడి ఉన్నాయి. అవి ఎండిపోయేదాకా నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఏడ్చాను కూడా. వాళ్ళకోసం కాదు.

ఆ తర్వాత గిద్దలూరులో లాండ్రీ పెట్టుకుని చాలా ఏళ్ళు బట్టలు ఉతికాను. మరక దేనిది, ఎన్నాళ్ళది అని అడిగేదాన్ని. అది తెలియకపోతే విరుగుడు తెలియదు. ఎవరు తొడుక్కున్నారని మాత్రం మళ్ళీ ఎవరినీ అడగలేదు. మరియమ్మ కోటు నాకు నేర్పింది అదే. దాని బదులు, "ఎప్పటికి కావాలమ్మా?" అని అడిగి, చెప్పిన రోజుకు ఒక రోజు ముందే ఉతికి పెట్టేదాన్ని. వచ్చేవాళ్ళు ఒక్కోసారి ముందే వస్తారు. మా ఆయన ఇంకా రాలేదు.